‘ప్రెజెంట్లీ’ యనగా నెప్పుడు?

ఆంగ్లభాషలో కాలమును సూచించు క్రియావిశేషణములలో ‘ప్రెజెంట్లీ’ అనునది యొకటి. చూచుటకు మిక్కిలి సాధువైన మాట. కచేరీ యుత్తరములలోను, పెద్దమనుష్యుల యుపన్యాసములలోను తల వంచుకొని నడచిపోవుచుండును. కాని చదువుకొన్నవారి నిరువురను చెంతకు బిలిచి దీని యర్థమేమని యడిగి చూడుడు. ఒకరు ‘ఇప్పుడు’ అందురు; మఱియొకరు ‘ఇప్పుడు కాదు, కొంతసేపటికి’ అందురు. ఇరువురును నిఘంటువు తెఱచి తమ పక్షమున సాక్ష్యము చూపగలరు. ఇరువురును సత్యమే పలికినవారగుదురు. ఒకే నోట అవుననియు కాదనియు పలుకు సాక్షిని న్యాయస్థానమున నమ్మరు. ఈ మాటను మాత్రము లోకము నమ్మి వాడుకొనుచున్నది.

ఈ మాట వలన మాకు యౌవనమున నొక యుద్యోగము పోయినది. ఈ మాట వలననే మా యింట నిటీవల నొక యక్షరాభ్యాసము జరిగినది. మొదటిది చెప్పుకొని నవ్వుకొనదగినది. రెండవది చెప్పుకొని సిగ్గుపడదగినది. రెంటిని చదువరులకు మనవి చేయుదుము.

మాకు ఆంగ్లము నేర్పిన యుపాధ్యాయులు వృద్ధులు, నిష్ఠాపరులు. ‘ప్రెజెంట్లీ’ యనగా ‘త్వరలో’ అని మాత్రమే యర్థమనియు, దానిని ‘ఇప్పుడు’ అను నర్థమున వాడువాడు పామరుడనియు వారు మాకు బోధించిరి. ఆ బోధ మా మనస్సున శిలాక్షరమై నిలిచినది. పట్టము పుచ్చుకొన్న పిమ్మట నొక కచేరీలో గుమాస్తా పనికి దరఖాస్తు పెట్టుకొంటిమి. కొన్నాళ్లకు ఉత్తరము వచ్చినది. ఇంటర్వ్యూలు ‘ప్రెజెంట్లీ’ జరుపబడుచున్నవనియు, అభ్యర్థులు తమ పత్రములతో హాజరు కావలెననియు దాని సారాంశము. మేము గురువుగారిని స్మరించి, త్వరలో జరుపబోవుచున్నారని యర్థము చేసికొంటిమి. తేదీ తెలుపుచు మఱియొక యుత్తరము రాకపోదని నిశ్చింతగా నుంటిమి. చొక్కా కుట్టించుకొంటిమి. పండ్రెండు దినములు గడచిన పిమ్మట ననుమానము పుట్టి పోయి యడిగితిమి. ఇంటర్వ్యూలు ముగిసి నాలుగు దినములైనదని చెప్పిరి. “ఇప్పుడు జరుగుచున్నవని స్పష్టముగా వ్రాసియే యుంటిమి గదా” యని యచ్చటి గుమాస్తా యాశ్చర్యపడెను. మేము నిఘంటువును ప్రమాణముగా చూపి వాదించితిమి. నిఘంటువు మా పక్షముననే యుండెను. ఉద్యోగము మాత్రము మఱియొకని పక్షమున చేరెను.

ఈ కథ మా యింటిలో పాతబడినది. అయినను గత సంవత్సరము మా అమ్మాయికి ఒక విశ్వవిద్యాలయము నుండి వచ్చిన జాబులో నిదే మాట కనబడగా, ఆమె నవ్వుచు దానిని మా చేతికిచ్చి, “నాన్నగారూ, ఈసారి తప్పు రాకుండ చెప్పండి. ఇది ఇప్పుడా? తరువాతనా?” అని యడిగెను. అడుగుటయే తడవుగా మేము కళ్లజోడు సవరించుకొని యుపన్యాసమునకు గడంగితిమి. మా మేనత్తగారు వంటింటి గడపపై కూర్చుండి చేటలో బియ్యము ఏరుచుండిరి.

మేము చెప్పిన దేమనగా: ఈ మాటకు మూలము లాటిను. ‘ఎదుట నున్నది’ అని దాని భావము. కావున నిది యాంగ్లమున ప్రవేశించినపుడు ‘ఇప్పుడు’ అను నర్థముననే ప్రవేశించెను. ‘ఈ క్షణముననే, వెంటనే’ అను నర్థమును దానికుండెను. షేక్స్పియరు రచించిన ‘టెంపెస్టు’ నాటకములో ఏరియలను భూతము తన యజమాని యాజ్ఞను విని, వెంటనేనా యని యడుగునది ఈ మాటతోనే. కాలము గడచినకొలది ఆ ‘వెంటనే’ కొంచెము సడలి, ‘కొంచెము సేపటికి’ అయి, తుదకు ‘త్వరలో’ అను నర్థమునకు దిగజారెను. 1755లో జాన్సను పండితుడు ప్రకటించిన నిఘంటువులో ‘ఇప్పుడు’ అను నర్థమును, ‘వెంటనే, పిమ్మట’ అను నర్థమును రెండును పక్కపక్కనే యున్నవి. ‘ఇప్పుడు’ అను పాత యర్థము స్కాట్లండునను అమెరికాలోను చావక నిలిచి, ఇరువదవ శతాబ్దమున మరల నెల్లెడల వ్యాపించెను. దానిని చూచి వ్యాకరణాభిమానులు కొత్త తప్పు పుట్టినదని కోపించిరి. నిజమునకు వారు కోపించినది ఇంటి పెద్దకొడుకు తిరిగి వచ్చినందుకు! కావున మా గురువుగారు పామరుడని నిందించినవాడు పామరుడు కాడు. మాకు ఉత్తరము వ్రాసినవాడును తప్పు వ్రాయలేదు. సాధారణముగా వాక్యము వర్తమానమున నున్నచో ‘ఇప్పుడు’ అనియు, భవిష్యత్తున నున్నచో ‘త్వరలో’ అనియు గ్రహింపవలెను. అంతకంటె మేలైన మార్గమొకటి కలదు. ఇప్పుడైన ‘నౌ’ అనియు, త్వరలోనైన ‘సూన్’ అనియు వ్రాసిన యెడల ఎవరి యుద్యోగమును పోదు.

ఇంతటితో నూరకుండినచో మేము మేము కాకపోదుము. “అయితే ‘సూన్’ అను మాటనైనను నమ్మవచ్చునా?” అని మాకు మేమే ప్రశ్న వేసికొంటిమి. ప్రాచీనాంగ్లమున దాని మాతృక ‘సోన’. అనగా ‘వెంటనే’. నేడు ‘సూన్’ అన్నచో వెంటనే యని యెవ్వరును భావింపరు. ‘అనాన్’ అను మాటయు నట్టిదే. ‘ఒక్కటిగా, ఒక్క పట్టున’ అని దాని మొదటి భావము. అనగా తడవు లేకుండ. షేక్స్పియరు ‘నాలుగవ హెన్రీ’ మొదటి భాగములో సారాయి యంగడి కుఱ్ఱవానిని ఇరుప్రక్కల నుండి పిలుచుచుండ, వాడు ఈ మాటనే జపమువలె వల్లించుచు ఎచ్చటికిని పోలేక నిలుచుండును. ఆనాటికే ‘వెంటనే’ యన్నది ‘ఉండుడు, వచ్చెదను’ అయినది. ‘బై అండ్ బై’ అనునదియు నొకప్పుడు ‘తక్షణమే’ అను నర్థమిచ్చెను. 1611 నాటి యాంగ్ల బైబిలులో హేరోదియ కుమార్తె యోహాను శిరస్సును పళ్లెరములో నడుగునపుడు ఈ పదమే వాడబడినది. ఆ పిల్ల తక్షణమే కోరినది; నేటి చదువరి ‘ఎప్పుడో తీఱికగా’ కోరినదని భ్రమపడును. ఇక ‘డైరెక్ట్లీ’ యనగా నేరుగా, అనగా వెంటనే. అదియు కొందఱి నోట ‘కొంచెము సేపటికి’ అయినది. ‘ఇమ్మీడియట్లీ’ యనగా ‘నడుమ నేమియు లేకుండ’ అని భావము. అది యింకను నిలిచియున్నది గాని, దానిని వినిన గుమాస్తా టీ త్రాగి వచ్చుట మనమెఱుగని దేమున్నది?

“చూచితివా తల్లీ,” అని మేము ముగించితిమి. “‘ఇప్పుడు’ అను నర్థముతో పుట్టిన మాటలెన్నియో క్రమముగా ‘తరువాత’ అను నర్థమునకు జాఱినవి. ఇందు మాటల తప్పు లేదు. ఇదిగో వచ్చితినని చెప్పి మనుష్యుడు ఆలస్యముగా వచ్చును. వినువాడు రెండు మూడు మాఱులు మోసపోయి, నాలుగవ మాఱు ఆ మాటకు అర్థము ఆ యాలస్యమే యని గ్రహించును. నాణెము చేతులు మాఱి మాఱి అరిగినట్లు మాట అరుగును. అప్పుడు కొత్త మాట కావలసివచ్చును. అదియు నరుగును.”

అమ్మాయి సంతోషించి వెడలిపోయెను. మేమును లేవబోవుచుండగా మా అత్తగారు చేటను ప్రక్కన బెట్టి, పరిహాసమును లేక, నిష్ఠురమును లేక, తెలియని సంగతి తెలిసికొనువారి వలె, “అబ్బాయీ, నీవు నాతో చెప్పిన ‘త్వరలో’ కూడా ఆ జాతిదేనా నాయనా?” అని యడిగిరి.

ఈ ప్రశ్న యర్థమగుటకు కొంత వెనుకకు పోవలెను.

ఆమె మా తండ్రిగారి చెల్లెలు. ఇరువదవ యేటనే భర్తను గోలుపోయి మా యింటికి వచ్చినది. భర్త చిన్న యుద్యోగి యగుటచే నామెకు స్వల్పమైన పింఛను వచ్చుచుండెను. ఆమెకు అక్షరములు రావు. నెల నెలా బ్యాంకునకు మేమే తోడుపోవుచుంటిమి. అచ్చటి యుద్యోగి యామె బొటనవ్రేలిని పట్టుకొని, సిరాదిమ్మెపై నదిమి, కాగితముపై నొత్తుచుండెను. ఆమె యింటికి వచ్చి ఆ వ్రేలిని చింతపండుతో తోముకొనుచుండెడిది. ఒకనాడు త్రోవలో నామె, “నా పేరు వ్రాసికొనుట నేర్పరా అబ్బాయీ. పదిమందిలో వాడు నా వ్రేలు పట్టుకొనుట నాకు బాగుండలేదు. తరువాత పోతనగారి భాగవతము నేనే చదువుకొందును” అనినది. మేమప్పుడు కాలేజీలో నుంటిమి. “దానికేమి అత్తయ్యా! ఈ పరీక్షలు కానిమ్ము. త్వరలోనే మొదలుపెట్టుదము” అంటిమి.

పరీక్షలైనవి. ఉద్యోగప్రయత్నములైనవి. పెండ్లియైనది. బదిలీలైనవి. పిల్లలు పుట్టిరి; వారికి అక్షరములు నేర్పితిమి. ఆమె మొదట సంవత్సరమున కొకమాఱు, పిమ్మట రెండు మూడేండ్ల కొకమాఱు జ్ఞాపకము చేసినది. మేము ప్రతి మాఱు ‘ఇదిగో’ అంటిమి, ‘వచ్చే నెల’ అంటిమి, ‘వేసవి సెలవులలో’ అంటిమి. ఒక్కమాఱైనను ‘నేర్పము’ అనలేదు. అని యుండినచో నామె మఱియొకరి నడిగియుండెడిది. పిమ్మట నామె యడుగుట మానినది. మేము దానిని చూచి, ఆమెకు చదువుపై కోరిక తీఱినదని తలచితిమి. ఇట్లు ముప్పదియైదు సంవత్సరములు గడచినవి. ఈ నడుమ మేము స్త్రీవిద్యను గూర్చి సభలలో పలుమాఱులు ప్రసంగించితిమి. 1874లో వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాల స్థాపించుటను కొనియాడితిమి. ఆ ప్రసంగములకు పోవునపుడు కండువా మడతపెట్టి చేతికిచ్చినది ఆమెయే.

ఇంకొక సంగతి కలదు. మేము కచేరీకి తీసికొనిపోయి వాదించిన ఆ ఆంగ్ల నిఘంటువు మా సొమ్ముతో కొన్నది కాదు. కాలేజీలో చేరిన యేట ఆమె తన పింఛను నుండి యిచ్చిన పైకముతో కొన్నది. అనగా నామె వ్రేలిముద్ర వేసి తెచ్చిన సొమ్ముతో మేము మాటలకు అర్థములు నేర్చుకొంటిమి.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆంగ్లేయుల మాటలను పరిహసించిన మేము మన మాటలను తలచుకొంటిమి. ‘క్షణములో వచ్చెద’ నందుము. అమరకోశము లెక్క ప్రకారము పండ్రెండు క్షణములు ఒక ముహూర్తము, ముప్పది ముహూర్తము లొక యహోరాత్రము. అనగా క్షణము నేటి కొలతలో నాలుగు నిమిషములు. క్షణములో వచ్చెదనని నాలుగు నిమిషములలో వచ్చినవానిని మేము చూచియుండలేదు. ‘రేపు’ అనగా పాత తెలుగున ఉదయము. ‘మాపు’ అనగా సాయంకాలము. నేడు ‘రేపు మాపు’ అనగా నెన్నటికిని కాదని పసిబిడ్డకును తెలియును. ‘ఇప్పుడే’ అను మాట మఱియు గడుసుది. ‘ఇప్పుడే వచ్చినాడు’ అన్నచో గడచినది, ‘ఇప్పుడే వచ్చును’ అన్నచో రానున్నది. జరుగుచున్న కాలమున మాత్రము అది నిలువదు.

మన పల్లెలలో నొకప్పుడు ఇంటి గోడలపైని, తలుపులపైని ‘ఓ స్త్రీ, రేపు రా’ అని వ్రాయుచుండిరి. రాత్రివేళ ఆడుదయ్యము వచ్చి తలుపు తట్టుననియు, ఆ వ్రాత చదివి మఱునాడు వత్తునని మరలిపోవుననియు, మఱునాడును అదే వ్రాత చూచి మరల పోవుచుండుననియు నమ్మకము. దీనిని మూఢవిశ్వాసమని మేము సభలలో ఖండించియుంటిమి. కాని విచారించి చూడగా మా యింటి తలుపుపైనను అదే వ్రాత యుండినది. దానిని సుద్దతో వ్రాయక, మర్యాదగల మాటలతో వ్రాసితిమి. దయ్యమునకైన చదువు వచ్చునని పల్లెవారు నమ్మిరి. మేము రేపు రమ్మని త్రిప్పి పంపినది చదువు రాని మనిషిని, చదువు నేర్పుమని వచ్చిన మనిషిని.

ఇది మా యొక్క యింటి తప్పు మాత్రమే యైనచో నిచ్చట వ్రాయకుందుము. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము, పదునాలుగేండ్లు నిండువఱకు బాలబాలికల కెల్లరకు ఉచిత నిర్బంధ విద్య నొసగుటకు పది సంవత్సరములలో ప్రయత్నింపవలెనని ప్రభుత్వమునకు నిర్దేశించెను. ఆ గడువు 1960లో తీఱినది. 2002లో రాజ్యాంగమును సవరించి ఆరు మొదలు పదునాలుగేండ్ల వఱకు గల పిల్లలకు విద్యను ప్రాథమిక హక్కుగా చేసిరి. అందులకైన చట్టము 2009లో పుట్టి, 2010 ఏప్రిలు 1వ తేదీన అమలునకు వచ్చెను. పది సంవత్సరములన్న మాట అరువది సంవత్సరములైనది. 2011 జనాభా లెక్కలలో, ఏడేండ్లు దాటిన మన దేశపు స్త్రీలలో నూటికి సుమారు అరువదియైదుగురే చదువను వ్రాయను నేర్చినవారు. అమెరికాలోను ఇట్టి కథయే జరిగినది. నల్లవారి పిల్లలకును తెల్లవారి పిల్లలకును వేర్వేఱు పాఠశాలలుంచుట రాజ్యాంగవిరుద్ధమని 1954లో అచ్చటి సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. మఱుసటి యేట, అనగా 1955లో, ఆ భేదమును ‘యోచనతో గూడిన త్వరతో’ తొలగింపుడని యాజ్ఞాపించెను. ఆ ‘త్వర’ను వదలి ‘యోచన’ను మాత్రము పట్టుకొనినవారు అనేకులు. తుదకు 1969లో ఆ న్యాయస్థానమే ఇక నాలస్యము చెల్లదు, వెంటనే చేయుడని చెప్పవలసివచ్చెను. పదునాలుగు సంవత్సరములలో ఒక పిల్ల బడిలో చేరి బడి విడిచిపోవును. మాట సందిగ్ధమైనచో దాని భారము ఎవరిపై పడునో ఇందువలన తెలియుచున్నది. మాట యిచ్చినవానిపై పడదు, ఎదురుచూచువారిపై పడును.

మా యుద్యోగము పోయినప్పుడు మేము సందిగ్ధమైన మాట వ్రాసినవానిని చాలకాలము నిందించితిమి. మాకు మఱియొక యుద్యోగము దొరికినది. మా అత్తగారికి ఆ ముప్పదియైదేండ్లు మరల దొరకవు. ఆమె మమ్ము నిందింపనైనను లేదు.

మఱునాడు మేము పలకయు బలపమును తెచ్చితిమి. మంచిరోజు చూడవలదా యని ఇంటిలో నొకరనిరి. అదియు ‘రేపు’ అను మాటయే యని మేము చూడనీయలేదు. మా అత్తగారు మొదట నవ్విరి, “కాటికి కాళ్లు చాచుకొన్నదానికి ఓనమాలేమిటిరా?” అనిరి. పిమ్మట చేతులు కడుగుకొని వచ్చి కూర్చుండిరి. ఆమెకు ఇప్పుడు డెబ్బదియైదేండ్లు. చేయి వణకుచున్నది. ‘అ’ కారము మొదటి దినమున పలకయంతయు నిండినది. మేము పది నిమిషములలో నలసిపోతిమి గాని యామె యలసిపోలేదు. మూడు మాసములకు తన పేరు తప్పు లేకుండ వ్రాసిరి. బ్యాంకులో వ్రేలిముద్రకు బదులు సంతకము నమోదు చేయుటకు కాగితము నింపినపుడు, అచ్చటి పడుచు ఉద్యోగిని లేచి నిలుచుండి తన కలమునిచ్చినది. మా అత్తగారు పేరు వ్రాసి, దానిని కొంతసేపు చూచి, చివరి యక్షరమునకు తలకట్టు మఱచినట్లు తామే కనిపెట్టి పెట్టిరి.

దీనిని విజయమని చదువరులకు చెప్పుకొనుటకు మాకు నోరు రాదు. ఆమె కన్నులు మందగించినవి. పెద్ద యక్షరములు కూడబలుకుకొని చదువగలరు. సన్నని యక్షరములు అలుకుకొనిపోవుచున్నవి. భాగవతము ఆమె చేతికి అందుటకును అందకపోవుటకును నడుమ నున్నది. నలుబది యేండ్ల వయస్సున ఆరంభించియుండినచో ఈపాటికి అది యెన్ని మాఱులు చదువబడియుండునో! ‘కొంచెము ఆలస్యమైనది’ అని మనము తేలికగా పలుకు మాటలో నొక మనిషి యౌవనమంతయు నిమిడియుండవచ్చును.

కావున ఆంగ్లము వ్రాయు చదువరులకు మా మనవి యిది. ‘ప్రెజెంట్లీ’ని వాడకున్నను లోటు లేదు, తప్పనిచో దాని ప్రక్కన తేదీ యొకటి వేయుడు. తెలుగున బ్రతుకు చదువరులకు మనవి యింకను చిన్నది. మీ యింటిలో ఎవరైన మిమ్ము ఏదేని నేర్పుమని యడిగియున్నచో, వారికి మీరు చెప్పిన మాటను జ్ఞాపకము చేసికొనుడు. ‘త్వరలో’ అని చెప్పియున్నచో ఎన్ని సంవత్సరములైనదో లెక్కింపుడు. నిఘంటువు అక్కఱలేదు. పంచాంగము చాలును.

ఈ వ్యాసమున ఇంకను ‘మొమెంటరిలీ’ యను మాటను గూర్చి వ్రాయదలచియుంటిమి. ‘ఒక్క క్షణముపాటు’ అను దాని యర్థము అమెరికాలో ‘ఒక్క క్షణములో’ అని యెట్లు మాఱినదో చెప్పవలెనని కోరిక. కాని సాయంకాలమైనది. మా అత్తగారు పలకను తుడిచి పట్టుకొని కూర్చుండి, “అబ్బాయీ, వచ్చుచున్నావా?” అని పిలుచుచున్నారు. కలమును ఇచ్చటనే విడిచి లేచుచున్నాము.